గడియ

ఖైతాన్‌లో మా టైపింగ్ సెంటర్ షట్టర్ సగం దించి
ఫర్వానియా పోలీసు స్టేషనుకు పోయాను.
తెలుగొచ్చినవాడు కావాలన్నారట.
ఇకామా ఫారాలు నింపే చేతికి
ఒక మనిషి మాట అప్పజెప్పారు.

ఆగస్టు.
ఏసీ కారి బకెట్లో
చుక్కలు లెక్కపెడుతోంది.

చిన్న ఓబుళమ్మ. రాయచోటి పక్క.
పదకొండేళ్లు ఒకే ఇంట్లో.
పోయింది ఒక బంగారు కడియం.
బల్లమీద ఒక కాగితం,
కుడి నుంచి ఎడమకు నడిచే నాలుగు వరుసలు,
కింద వేలిముద్రకు వదిలిన ఖాళీ
ఆమె బొటనవేలి కంటే పెద్దది.

"అడుగు. తీసిందా?" అన్నాడు మీసాల అధికారి.
అడిగాను.
ఆమె పలకలేదు.
"ఏమంటోంది?"

అక్కడొచ్చింది చిక్కు.
మౌనం అర్ధాంగీకారం.
మా అవ్వ పెళ్లిచూపుల్లో నవ్వుతూ అనే మాట,
పంచాయితీలో పెద్దరెడ్డి నవ్వకుండా అన్న మాట,
నాలుక చివరికొచ్చి నిలబడింది.
అనేస్తే సగం నేరం ఆమె ఒప్పుకున్నట్టే.
మిగతా సగం కాగితంలో సిద్ధంగానే ఉంది.
మింగేశాను.
సామెతను మింగితే
చేపముల్లులా గీసుకుపోతుందని అప్పుడే తెలిసింది.

"ఏమీ అనలేదు సార్.
ఏమీ అనలేదనే రాయండి."

పక్క బల్ల దగ్గర కుర్ర అధికారి
"రుజువయ్యేదాకా నిర్దోషే.
మన రాజ్యాంగంలో ఉంది" అన్నాడు మెల్లగా,
పైఅధికారికి కాదు,
తన టీ గ్లాసుకు చెబుతున్నట్టు.

మాకూ ఉంది. ఇంకా లావు పుస్తకం.
పట్టుకున్నవాణ్ని ఇరవై నాలుగు గంటల్లో
మేజిస్ట్రేటు ముందు నిలబెట్టమంటుంది.
మా అవ్వ లెక్కలో అరవై గడియలు.
మా మండలం స్టేషన్లో నా లెక్క
రెండొందల నలభై దాటింది.
నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు,
ఏ రిజిస్టర్లోనూ నేను లేను.
పేరే ఎక్కనివాడికి గడియలెక్కడివి?
పుస్తకం మంచిదే.
బీరువాలో ఉండింది,
తాళంచెవి ఎస్సై బెల్టుకు.

అందుకేనేమో
"చదివి వినిపించనిదే వేలు పెట్టనీయను" అన్నాను.
ఎవరి గొంతో అనుకున్నాను. నాదే.
జేబులో ఇకామా కార్డు
ఇటుకంత బరువైంది.

చదివాను. వరుస వరుసా తెలుగు చేశాను.
"నేను తీశాను" దగ్గర ఆమె తలెత్తింది.
"నేనా?"
అంతే. ఒక్క దీర్ఘం.
ఆ దీర్ఘాన్ని అరబ్బీలోకి ఎట్లా దాటించాలో
ఈరోజుకీ నాకు తెలీదు.

ఆ తర్వాత ఆగలేదు.
"వంటింటి ఎనక గదన్నా నాది.
గడియ ఉంది, బయటేపు.
లోపలేపు మేకు గూడా లేదు.
రేత్రి వాళ్లే ఏస్తారు, తెల్లార్తో వాళ్లే తీస్తారు.
కడియం రేత్రే పోయిందంటారు గదా,
మరి నేనెట్లా బయటికొచ్చింటా, అడుగన్నా వాళ్లను."

అడిగాను.
టీ గ్లాసు బల్లమీద ఆనిన చప్పుడు.
కుర్రవాడు రాసుకున్నాడు.
మీసాలాయన కాగితం చించలేదు.
మడిచి సొరుగులో పెట్టాడు.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ని కాదు.
కానీ హక్కంటే ఏమిటని నన్నడిగితే
గడియ లోపలేపు ఉండటం అంటాను.
బయట ఎంతటివాడున్నా
తలుపు తట్టి, ఎందుకొచ్చాడో చెప్పుకోవలసి రావటం.

నా బెడ్‌స్పేసుకి తలుపే లేదు,
పూల దుప్పటి కర్టెను. అది వేరే సంగతి.

రేపు కోర్టుకట.
వ్యాను ఎక్కబోతూ
ఇంకుపెట్టె తగలని బొటనవేలు
గుప్పిట్లో దాచుకుని అడిగింది:
"ఆ కోర్టు గదికి
గడియ ఎటుపక్క ఉంటాదన్నా?"

ఎనిమిదేళ్లుగా కువైట్లో
అందరి ఖాళీలూ నింపేవాణ్ని.
ఆ ఒక్కటి
అట్లే వదిలేశాను.